రోజుకో వింత మాట: మా గ్రూపులో ఈ ఆట చప్పబడిపోతోంది, మీరైతే ఎలా నడుపుతారు?

గోదారి గట్టు (ప్రశ్న)

మేమంతా ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్. ఇప్పుడు ఒకడు పుణెలో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకమ్మాయి డాలస్‌లో, మిగతావాళ్లం తలో దిక్కూ. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు, రాజకీయాల ఫార్వర్డ్‌లు తప్ప ఇంకేమీ ఉండటం లేదని పోయినేడాది ఒక ఆట మొదలెట్టాం. రోజుకొకరి వంతు. వంతు వచ్చినవాళ్లు పొద్దున్నే ఒక తెలుగు మాట వెయ్యాలి. అది వింటే నవ్వు రావాలి, లేదా "ఓహో, ఇలాంటి మాట కూడా ఒకటుందా" అనిపించాలి. అంతే రూలు.

మొదట్లో అదిరిపోయింది. నంగనాచి, తిరకాసు, డొక్కశుద్ధి, బడుద్ధాయి, ఇలా ఒక్కోదాని మీద గంటల తరబడి కొట్టుకున్నాం. ఆరిందా అంటే పొగడ్తా తిట్టా అని ఆఫీసు మీటింగుల్లో కూర్చుని కూడా టైప్ చేసుకున్నాం (నా లెక్కలో అది రెండూనూ, ఆరేళ్ల పిల్ల అరవయ్యేళ్ల ముసలమ్మలా మాట్లాడితే ముద్దూ వస్తుంది, చిరాకూ వస్తుంది). ఇప్పుడేమో వంతు వచ్చినవాడు నిఘంటువు తెరిచి కళ్లు మూసుకుని వేలు పెట్టినట్టు ఏదో ఒక సమాసం పడేస్తున్నాడు. మొన్న ఒకడు "కింకర్తవ్యతావిమూఢుడు" అని వేశాడు. కింద రెండు బొటనవేళ్లు, ఆ రోజుకి అయిపోయింది. ఇంకొకడు చాట్‌బాట్‌ని అడిగి తెస్తున్నాడని నాకు గట్టి అనుమానం, ఎందుకంటే వాడు వేసే మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవు, వాళ్లమ్మకి కూడా తెలియవు.

మాటలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఏమైనా రూల్స్ పెడితే బాగుపడుతుందా? ఇంకోటి, వచ్చే మాటల్లో సగం తిట్లే ఉంటున్నాయి, వాటిని ఆపాలా వద్దా అని కూడా గొడవగా ఉంది. ఇలాంటి ఆట ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత పుస్తకాల షాపు

నిఘంటువుని తిట్టకండి, మీవాళ్లు దాన్ని చూసే పద్ధతిని తిట్టండి. శబ్దరత్నాకరం 1885 నాటిది, కావ్యాలు చదివేవాళ్లకి ప్రాణం లాంటిది, కానీ వాట్సాప్‌లో నవ్వించడం దాని పని కాదు కదా. మీ ఆటకి సి.పి. బ్రౌన్ బాగా పనికొస్తాడు. ఆయన 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో జనం నోటి మాటలు చాలా ఉంటాయి, కొన్నిచోట్ల వాటిని వాడిన వాక్యాలు కూడా ఇస్తాడు. ఆ వాక్యాలే అసలు సరుకు. ఎవరో ఎవరినో దెప్పుతూ అన్నట్టు ఉంటాయి, చదువుతుంటే అప్పటి కచేరీ వరండాలో నిలబడి వింటున్నట్టుంటుంది. ఇదీ మరికొన్ని నిఘంటువులూ ఆంధ్రభారతి సైట్‌లో ఒకే చోట వెతుక్కోవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఇంతకన్నా మంచిది మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గర మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయం మీద మొదటి సంపుటం తెచ్చారు, చేనేత మీద రెండోది 1971లో వచ్చింది. ఒకే పనిముట్టుకి జిల్లాకో పేరు ఉంటుంది అందులో. ఒక పేజీ తీసి గ్రూపులో పెట్టి "మీ ఊళ్లో దీన్నేమంటారు" అని అడగండి, ఆ రోజు ఎవరూ పడుకోరు.

చాట్‌బాట్ అనుమానానికి మందు సులువే. మాటతో పాటు అది ఎవరి నోట విన్నారో, ఏ సందర్భంలో అన్నారో ఒక వాక్యం రాయాలని రూలు పెట్టండి. "మా మేనత్త పాలవాడితో అన్నది" అన్నంత చాలు. అది చెప్పలేని మాట చెల్లదు.

పాలమూరు పిల్లగాడు

ఒక మాట చెప్తా, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. మా ఆఫీసులో ఇట్లాంటి ఆటే ఉండేది, నేను మధ్యలో మానేసిన. ఎందుకంటే నేను ఏ మాట చెప్పినా అదే "వింత మాట" అయిపోయేది. దూప అంటే నవ్వే ఎమోజీలు. పైలం అంటే నవ్వే ఎమోజీలు. దూప అంటే దాహం, అందులో నవ్వడానికి ఏముంది? మా అవ్వ ఎండలో వచ్చినోళ్లను చెంబుతో నీళ్లు పట్టుకొని అడిగే మొదటి మాట అది. ఉల్లిపాయ మామూలు మాట, ఉల్లిగడ్డ వింత మాట అని ఎవరు తేల్చిండ్రు?

నవ్వొద్దని అంటలేను. మాటలో నిజంగా మజా ఉంటే నవ్వాలి. గత్తర అని ఉంది మా దగ్గర, ఒకప్పుడు కలరాకు ఆ పేరు, ఇప్పుడు బస్సు లేటయినా గత్తరే, ఇంటికి చుట్టాలొచ్చినా గత్తరే. దానికి నవ్వుండ్రి, నేనూ నవ్వుత. కానీ పక్క జిల్లా మాట అయినంత మాత్రాన అది జోకు కాదు. మీ గ్రూపులో రూలు పెట్టాలంటే ముందు ఇది పెట్టండి: ఒకరు మాట వేస్తే, మిగతావాళ్లు అదే అర్థానికి తమ ఊరి మాట వెయ్యాలి. అప్పుడు ఎవరిది మామూలు ఎవరిది వింత అన్న లొల్లి ఉండదు, అందరిదీ వింతే.

గోదారి గట్టు

పాలమూరు అన్నా, మీరు చెప్పింది మా గ్రూపులో కూడా జరిగే ఉంటుంది, ఎందుకంటే మెదక్ నుంచి ఒకడుండేవాడు, వాడు ఈ మధ్య తన వంతు వస్తే "పాస్" అని పెట్టేస్తున్నాడు. వాడికి బిజీ అనుకుంటున్నాం అందరం. వాడితో మాట్లాడతాను. ఊరి మాట రూలు బాగుంది, రేపటి నుంచే పెడుతున్నా.

సీమ శెనిక్కాయ

ఉల్లిగడ్డ సంగతి వచ్చింది కాబట్టి. నాది అనంతపురం, మాకు ఉల్లిపాయ అంటే ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. హైదరాబాద్‌కు వచ్చిన కొత్తలో రూమ్మేట్‌తో "రేయ్, ఎర్రగడ్డ లేకుంటే నాకు ముద్ద దిగదు" అన్నా. వాడు పాపం నా మొహం అదోలా చూసి, ఎన్ని రోజుల నుంచి మందులు వాడుతున్నావు అని మెల్లగా అడిగినాడు. హైదరాబాదోళ్లకి ఎర్రగడ్డ అంటే మానసిక వైద్యశాల ఉన్న పేట కదా! ఇంకా పెద్ద తమాషా ఏందంటే ఆ ఎర్రగడ్డలోనే రైతుబజారు ఉంది. అంటే ఎర్రగడ్డకు పోయి ఎర్రగడ్డలు తెచ్చుకోవచ్చు.

పైన షాపు గారు బ్రౌన్ పేరు ఎత్తినారు. ఆయన కడపలో పనిచేసినప్పుడు ఉన్న బంగళా చోటనే ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. మీ గ్రూపులో ఎవరైనా అటు పోతే చూసి రండి.

గుటకాయస్వాహా

నా పేరు చూస్తేనే అర్థమై ఉంటుంది నేను ఏ జట్టో. తిట్లు ఎక్కువైపోతున్నాయంటే ఒక వారం గుడి మాటలు పెట్టండి. అంటే గుళ్లో పుట్టి బజార్లో చెడిపోయిన మాటలు. హోమంలో "ఇంద్రాయ స్వాహా" అంటారు కదా, దాని పక్కన గుటక పెట్టి గుటకాయస్వాహా చేశాడెవడో మహానుభావుడు. గుటుక్కున మింగేసినదానికి మంత్రం! ఇది మొదట అన్నవాడు పురోహితుడే అయ్యుంటాడని నా నమ్మకం, బయటివాడికి అంత చనువు రాదు.

శఠగోపం కూడా అంతే. వైష్ణవ గుళ్లలో స్వామి పాదాలున్న కిరీటం లాంటిది తల మీద పెట్టి ఆశీర్వదిస్తారు, నమ్మాళ్వార్‌కి శఠకోపుడని పేరు కాబట్టి దానికా పేరు. బయటికొచ్చేసరికి "చిట్టీల వాడు శఠగోపం పెట్టాడు". కైంకర్యం అంటే దేవుడికి చేసే సేవ, మనం అన్నగారి పొలం కైంకర్యం చేసేస్తాం. మూడు నామాలు భక్తుడికి బొట్టు, అప్పిచ్చినవాడికి పంగనామాలు. పెళ్లిలో అక్షింతలు దీవెన, ఆఫీసులో మేనేజరు వేస్తే చివాట్లు. గోవిందా అంటే తెలిసిందే. బడితెపూజ, దేహశుద్ధి సంగతి ఇంక చెప్పక్కర్లేదు, మా నాన్న హయాంలో రెండూ సంప్రదాయం తప్పకుండా జరిగేవి. వీటిల్లో ఏ ఒక్కటీ బూతు కాదు, ఎవరి కులాన్నీ అనడం లేదు, అయినా తగలాల్సిన చోట తగులుతాయి.

పడుగు పేక

మాది నేత కుటుంబం, పోచంపల్లి వైపు. వృత్తి మాటల మీద షాపు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ పుస్తకం దాకా ఎందుకు, గ్రూపులో ప్రతివాళ్లూ వాళ్ల ఇంట్లో తాతలు ఏ పని చేసేవాళ్లో ఆ పని మాటలు తెస్తే చాలు. ఒక్క మగ్గం దగ్గరే ఎన్నున్నాయో చూడండి: నిలువు దారం పడుగు, అడ్డదారం పేక, దాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది నాడె, నాడెలో పెట్టే దారపు చుట్ట కండె. "ఆసులో కండెలా తిరుగుతున్నాడు" అనే మాట వినే ఉంటారు, అది మా ఇళ్లల్లోంచి వచ్చిందే.

మా వైపు ఆసు అంటే రంగులద్దే ముందు మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీర కోసం వేలసార్లు చెయ్యి చాపాలి. మా ఇళ్లల్లో ఆడవాళ్లందరికీ భుజం నొప్పి ఉండేది, దానికి వేరే పేరేమీ లేదు, "ఆసు పోసి పోసి" అనేవాళ్లు అంతే. వాళ్లమ్మ పడే ఈ బాధ చూడలేకనే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ మాట మీ గ్రూపులో వేస్తే నవ్వు రాకపోవచ్చు. నవ్వు రాని మాటలకి కూడా వారంలో ఒక రోజు ఉంచండి.

బెజవాడ బస్టాండు

తిట్ల గురించి. ఆపకండి బాబూ, తెలుగులో సగం రుచి అక్కడే ఉంది. ఒక గీత మాత్రం గియ్యండి. కులం పేరో, వృత్తి పేరో, ఒంట్లో లోపమో తిట్టుగా మారిన మాటలు వద్దు. పింజారి అని తేలిగ్గా వాడేస్తారు, దూది ఏకి బతికినవాళ్ల పేరు అది, వాళ్లలో ఒకరు మీ గ్రూపులో ఉంటే ఏమనుకోవాలి? అవి తీసేసినా కరువేమీ రాదు. దద్దమ్మ, శుంఠ, చవట, తింగరి, నీ దుంపతెగ... ఈ చివరిదైతే మా ఇంట్లో ముద్దుకే వాడతారు. బేవార్సు అసలు తిట్టే కాదు, బే వారిస్ అంటే వారసుడు లేని అని ఉర్దూ, ఆస్తి కాగితాల భాష. దిక్కులేని ఆస్తి నుంచి దిక్కుమాలిన మనిషి దాకా నడుచుకుంటూ వచ్చింది.

ఇంకో సలహా, టైప్ చెయ్యొద్దు, వాయిస్ మెసేజ్ పెట్టమనండి. యాస లేకుండా చదివితే ఏ మాటైనా సర్కారు నోటీసులా ఉంటుంది.

డాలస్ దోసకాయ

మేం ఇక్కడ నలుగురు ఫ్రెండ్స్‌మి ఇలాగే ఆడుతున్నాం, మాకు పనికొచ్చింది ఒకటి చెప్తాను. ఆదివారం కొత్త మాట ఉండదు. ఆ వారం వచ్చిన మాటలన్నీ కలిపి ఒక ఉత్తరం రాయాలి, సంపాదకుడికో ఇంటి ఓనరుకో ఎవరికైనా. పోయినవారం మాది ఇలా ఉంది: "అయ్యా ఓనరు గారూ, మా అడ్వాన్సు గుటకాయస్వాహా చేసి, పెయింటింగు పేరు చెప్పి శఠగోపం పెట్టి, ఇప్పుడు నంగనాచిలా ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు, ఇందులో ఏం తిరకాసు ఉందో సెలవివ్వండి." ఒకసారి వాడిన మాట నోట్లో ఉండిపోతుంది, చూసి లైక్ కొట్టిన మాట సాయంత్రానికే పోతుంది. ఇక్కడ పుట్టిన మావాళ్ల పిల్లలు కూడా ఆదివారం ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు, వాళ్లకి శఠగోపం చూపించడానికి గుడికి తీసుకెళ్లాల్సొచ్చింది.

మంచివి దొరికితే విక్షనరీలో చేర్చండి. మీ ఊరి అర్థం అక్కడ లేకపోతే ఎవరైనా రాయొచ్చు.

గోదారి గట్టు

అందరికీ థాంక్స్. ఎవరి నోట విన్నారో చెప్పడం, ఊరి మాట, వాయిస్, ఆదివారం ఉత్తరం, ఈ నాలుగూ గ్రూపులో పెట్టేశా. చాట్‌బాట్ అనుమానితుడు మొదటి దానికే ఎదురు తిరిగాడు, కాబట్టి నా అనుమానం నిజమే. మెదక్ వాడికి ఫోన్ చేశా, బిజీ కాదట. వచ్చే వారం మొత్తం వాడికే ఇచ్చాం, తర్వాత వారం గుడి మాటలు.

రామ్ములక్కాయ

మాది విజయనగరం. పాలమూరు, సీమ, పోచంపల్లి, బెజవాడ, ఆఖరికి డాలస్ కూడా వచ్చింది గానీ మావైపు మాట ఒక్కటీ లేదేటి? టమాటాని మా ముసిలోళ్లు ఇప్పటికీ రామ్ములక్కాయ అంటారు, పిల్లని గుంట అంటారు, భూమున్నోడిని బుగత అంటారు. మీ గ్రూపులో ఉత్తరాంధ్ర వాళ్లెవరూ లేనట్టున్నారు, ముందు ఒకర్ని చేర్చుకోండి.

గోదారి గట్టు

ఉన్నాడండీ, పాలకొండ కుర్రాడు. గ్రూపు పెట్టిన రోజు నుంచీ మ్యూట్‌లో పెట్టుకున్నాడు. ఇప్పుడే ఫోన్ కలుపుతున్నా.