పిల్లల భద్రత, చదువు: మీ బడిలో, నర్సరీలో నిజంగా పనిచేసినవి చెప్పండి

రెండోతరగతి_టీచర్:
అందరికీ నమస్కారం. నేను ప్రైమరీ స్కూల్లో పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా స్కూలుకు ఆనుకునే నర్సరీ ఉంది. ఈ మధ్య మాకు పిల్లల భద్రత మీద ఒక మీటింగు పెట్టారు, చదువు మెరుగుపరచడం మీద ఇంకో మీటింగు పెట్టారు. దేని ఫైలు దానిదే, దేని బాధ్యులు వాళ్లే. నాకు మాత్రం పోయినేడు జరిగినదే కళ్ల ముందు తిరుగుతోంది.

నా క్లాసులో ఒక బాబు ఉండేవాడు. చురుకైనవాడు. రెండు నెలల్లో చేతిరాత పాడైంది, లెక్కలు సగంలో వదిలేసేవాడు, బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాడు. బద్ధకం అనుకున్నాను. అడిగితే జవాబు చెప్పడని రిమార్కు కూడా రాశాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, వాడు సోమవారాలు ఆలస్యంగా, ఒక్కడే వస్తున్నాడని గేటు దగ్గర ఉండే ఆయన చూశారు. అన్నం రెండోసారి, మూడోసారి అడుగుతున్నాడని వడ్డించే ఆవిడ చూశారు. వాడి చెల్లెల్ని తీసుకెళ్లడానికి రోజుకొకరు వస్తున్నారని నర్సరీ టీచరు చూశారు. మా నలుగురి దగ్గరా తలో ముక్క ఉంది. ఎవరమూ ఇంకొకరికి చెప్పలేదు. అమ్మ చాలా రోజులుగా ఆసుపత్రిలో ఉంది, ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు లేరు. వాడికి కావలసింది తిండి, నిద్ర, ఒక పెద్ద మనిషి. నేను రాసింది రిమార్కు.

ఇలాంటి ముక్కల్ని మీ దగ్గర ఎలా కలుపుతున్నారో చెప్పండి. ఇది నాకు చాలా అవసరం.

నర్సరీ_ఇన్‌ఛార్జి:
టీచర్ గారూ, మీరు ఇది ఇంత నిజాయితీగా చెప్పినందుకు థ్యాంక్స్. మా దగ్గర పనిచేసింది చెబుతాను.

పిల్లల రక్షణ చూసే బాధ్యత ఒక మనిషికి ఇచ్చాం, ఆమె సెలవు పెడితే చూసేందుకు ఇంకొకరున్నారు. వాళ్ల పేర్లు ఆయా నుంచి వ్యాన్ డ్రైవరు దాకా అందరికీ తెలుసు. ఎవరికి ఏ చిన్న అనుమానం వచ్చినా ఆ రోజే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయాలి: తేదీ, టైము, కంటితో చూసింది, పిల్ల నోటితో అన్నది. అభిప్రాయం రాయకూడదు. "పట్టించుకునేవాళ్లు లేరు" అని రాస్తే దాంతో ఏమీ చేయలేం. "మూడు రోజులుగా అదే చొక్కా, చలికి స్వెటర్ లేదు" అని రాస్తే అది ఆధారం. ఆ కాగితాలు తాళం వేసిన బీరువాలో ఉంటాయి, ఆ ఇద్దరే చదువుతారు. వారానికోసారి ఒక్కో పిల్ల కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అన్నాచెల్లెళ్లు ఉంటే స్కూలువి, నర్సరీవి కలిపే చూస్తారు. మీ బాబు విషయం అక్కడే బయటపడేది.

దెబ్బల గురించి కూడా ఒక మాట. నడక వచ్చిన పిల్లలకు మోకాళ్ల మీద, మోకాలి కింద కాలి ముందువైపు, నుదుటి మీద దెబ్బలు తగలడం మామూలే. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ కనిపిస్తే అది మామూలు కాదు. చెవుల మీద, బుగ్గల మీద, వీపు మీద, పిరుదుల మీద కనిపించినా అంతే. అలాంటిది వారం చివరిదాకా ఆగకూడదు, ఆ నిమిషమే చెప్పాలి. సొంత ఫోనుతో ఫొటో తీయొద్దు. మనిషి బొమ్మ గీసి ఉన్న కాగితం మీద ఆ చోటు గుర్తుపెట్టి, సైజు రాస్తే చాలు.

నాలుగేళ్ల_పాప_అమ్మ:
నేను టీచర్ని కాదు, తల్లిని. మా నర్సరీలో పాపను తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల పేర్లు ముందే రాసిచ్చాం, ఒక రహస్య పదం కూడా ఉంది. ఒకరోజు నాకు కుదరక మా తమ్ముణ్ణి పంపాను, లిస్టులో వాడి పేరు లేదు. పాప "మామయ్యా" అని పరిగెత్తుకుంటూ వచ్చినా వాళ్లు పంపలేదు. నాకు ఫోన్ చేసి, పదం అడిగి, అప్పుడు పంపారు. తమ్ముడికి కోపమొచ్చింది, నాకూ కాస్త వచ్చింది. రాత్రి ఆలోచిస్తే ఆ టీచరమ్మకు దండం పెట్టాలనిపించింది. పిల్ల గుర్తుపట్టిందంటే ఆ మనిషి తెలిసినవాడని మాత్రమే కదా అర్థం.

నా ప్రశ్న: "కొత్తవాళ్లతో మాట్లాడకు" అని రోజూ చెబుతున్నాం. అది సరిపోతుందా?

బడి_కౌన్సెలర్:
సరిపోదండీ. పిల్లలకు హాని చేసేవాళ్లలో ఎక్కువమంది పిల్లలకు బాగా తెలిసినవాళ్లే. అందుకని మూడు పనులు చేయండి. ఒంట్లోని భాగాలన్నిటికీ అసలు పేర్లు నేర్పండి, ముద్దుపేర్లతో సరిపెట్టొద్దు. ఏదైనా జరిగితే పిల్ల చెప్పేది ఎదుటివాళ్లకు అర్థం కావాలంటే ఆ పేర్లు ఉండాలి. రెండోది, రహస్యానికీ సర్‌ప్రైజుకూ తేడా చెప్పండి: సర్‌ప్రైజు కొన్నాళ్లకు అందరికీ తెలిసిపోతుంది, అందరూ సంతోషిస్తారు. "ఎప్పటికీ ఎవరికీ చెప్పకు" అని పెద్దవాళ్లు అంటే అది వెంటనే అమ్మకు చెప్పాల్సిన సంగతి. మూడోది, చుట్టాలకైనా సరే ముద్దు పెట్టడం పాపకు ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి.

ఇక పిల్లలు నోరు విప్పినప్పుడు పెద్దవాళ్లం చేసే తప్పులు. నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాప "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెబుతా" అంది. ఒట్టేశాను. తను చెప్పింది విన్నాక నేను పైవాళ్లకు చెప్పక తప్పలేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ పాప నా మొహం చూడలేదు. ఇప్పుడు ముందే చెబుతాను: "నిన్ను కాపాడటానికి చెప్పాల్సి వస్తే, సాయం చేయగలిగినవాళ్లకు మాత్రం చెబుతాను." ఆ మాట విన్నాక కూడా పిల్లలు చెబుతున్నారు.

ఇంకొకటి, జవాబును మనం పిల్లల నోట్లో పెట్టకూడదు. "బాబాయి కొట్టాడా?" అని అడగొద్దు. "ఏం జరిగిందో చెప్పు", "అలాగా, తర్వాత?" అంతే. చెప్పిన మాటల్ని అవే మాటల్లో రాయండి, తప్పులు దిద్దొద్దు. "నువ్వు చెప్పడం మంచి పని, ఇందులో నీ తప్పు లేదు" అనండి. తర్వాత తవ్వి తవ్వి అడగడం మన పని కాదు, దానికి శిక్షణ ఉన్నవాళ్లు ఉన్నారు.

నర్సరీలో_పనిచేసే_అన్న:
నాది ఒక బాధ. నేను మగవాణ్ణి, రెండేళ్ల పిల్లల గదిలో పనిచేస్తాను. ఈ నియమాలన్నీ విన్నాక పడిపోయి ఏడుస్తున్న పిల్లను ఎత్తుకోవడానికి కూడా భయపడేవాళ్లను చూస్తున్నాను. ఆ వయసు పిల్లకు ఒడి లేకపోతే ఓదార్పు ఎక్కడిది? అది కూడా ఒక రకంగా పిల్లను గాలికి వదిలేయడమే కదా?

నర్సరీ_ఇన్‌ఛార్జి:
తమ్ముడూ, నువ్వన్నది నిజం. ఏ మంచి నర్సరీలోనూ ఎత్తుకోవద్దని ఉండకూడదు. ఎత్తుకోవడం పిల్ల అవసరం కోసమే అయి ఉండాలి, నలుగురికీ కనబడేచోట ఉండాలి. మా దగ్గర గది తలుపులకు అద్దాలున్నాయి, డైపర్ మార్చే చోటు ఇంకొకరి కంటికి ఆనుతుంది, ఎవరు మార్చారో ఎప్పుడు మార్చారో రాస్తారు. అది మగవాళ్ల కోసం పెట్టిన నియమం కాదు, నాకూ అదే. మొహమాటపడకుండా ఏడ్చే పిల్లను ఎత్తుకో.

స్పీచ్_థెరపిస్టు:
టీచర్ గారు రాసిన "అడిగితే జవాబు చెప్పడు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా దగ్గరికి వచ్చే చాలామంది పిల్లల మీద ఇదే రిమార్కు ఉంటుంది. వాళ్లలో కొందరికి చెవి సరిగ్గా వినబడదు. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే వినికిడి తగ్గుతుంది, అదీ ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు. అందుకే "కావాలనే వినడం లేదు" అనిపిస్తుంది. చిన్నపిల్లల్లో ఇది చాలా ఎక్కువ. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఈలోపు ముందు వరుసలో కూర్చోబెట్టండి, పేరు పిలిచి మీ వైపు చూశాకే మాట్లాడండి.

వినికిడి బాగానే ఉంటే అప్పుడు మనల్ని మనం చూసుకోవాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో క్లాసులను రికార్డు చేసి చూశారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను దగ్గర్లోనే ఆగుతున్నారు, తర్వాత ఇంకొకరిని అడగడమో, తామే జవాబు చెప్పేయడమో చేస్తున్నారు. మూడు సెకన్లు ఆగేసరికి జవాబులు పొడుగయ్యాయి, అంతకుముందు నోరెత్తని పిల్లలు మాట్లాడారు. లెక్కల ప్రశ్నకు మూడు సెకన్లు ఆగని మనిషికి ఇంట్లో కష్టం గురించి ఏ పిల్లవాడు చెబుతాడు? చెప్పడానికి వాడికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

అమ్మమ్మ_పెంచుతోంది:
కాగితాలు రాయడం బాగుందమ్మా. కానీ రాసి ఇచ్చినా కదలకపోతే? మా మనవడు ఇదివరకు చదివిన బడిలో ఒక పెద్ద పిల్లవాడు కొడుతున్నాడని రెండుసార్లు రాసిచ్చాను. "పిల్లలన్నాక ఉంటాయి" అన్నారు. మనవడికి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది, చదవడం మానేశాడు. చివరికి బడే మార్చాం.

బడి_కౌన్సెలర్:
అమ్మా, ఆ కడుపునొప్పి నిజమే. భయం పిల్లల్లో చాలాసార్లు కడుపునొప్పిగానే బయటపడుతుంది. మీరు వాడి మాట నమ్మి బడి మార్చడం వాడికి ఎంత ధైర్యమో. ఇతరులకు చెబుతున్నాను: రాసిచ్చినప్పుడు ఒక కాపీ దగ్గర పెట్టుకోండి, "ఏం చేశారు, ఏ తేదీలోపు" అని రాతలోనే అడగండి. జవాబు రాకపోతే యాజమాన్యానికి వెళ్లండి. పిల్లకు హాని జరుగుతోందని గట్టి అనుమానం ఉంటే బడి అనుమతి అక్కర్లేదు, పిల్లల రక్షణ అధికారులకు ఎవరైనా నేరుగా చెప్పొచ్చు. ప్రాణభయం ఉంటే పోలీసులకే. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణ పిల్లల్ని హింస నుంచి, నిర్లక్ష్యం నుంచి కాపాడటం గురించి, 12వది వాళ్ల మాటకు విలువ ఇవ్వడం గురించి. ఆ ఒడంబడికకు కట్టుబడతామని ఒప్పుకున్న ప్రభుత్వం దగ్గర ఆ హక్కు అడగొచ్చు.

రెండోతరగతి_టీచర్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. స్కూలుకూ నర్సరీకీ కలిపి ఒకటే పద్ధతి పెట్టాం. మూడు సెకన్లు ఆగడం నాకు చాలా కష్టమైంది, లోపల ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటున్నాను. వెనక వరుసలో ఒక పాప ఏడాదిలో మొదటిసారి తనంతట తాను జవాబు చెప్పింది. తప్పు జవాబే, అయినా పూర్తిగా చెప్పింది.

ఆ బాబుకు ఇప్పుడు వాళ్ల పెద్దమ్మ తోడుంది. పొద్దున్నే పావుగంట ముందు వస్తాడు, ఇద్దరం కలిసి చదువుకుంటాం. వాడి రిమార్కు కొట్టేసి పక్కన నా సంతకం పెట్టాను.

ఒక సందేహం మిగిలింది. గేటు దగ్గర ఆయనకు రాయడం రాదు. అందరికంటే ముందు చూసేది ఆయనే.

నర్సరీ_ఇన్‌ఛార్జి:
ఆయన చెబుతుంటే మీ దగ్గర పిల్లల రక్షణ బాధ్యత చూసేవాళ్లు రాయాలి, ఆయన మాటల్లోనే. రాశాక చదివి వినిపించి, ఆయన "అవును, ఇదే చెప్పాను" అన్నాక వేలిముద్ర తీసుకోండి. మా వంట ఆవిడతో మేం అలాగే చేస్తున్నాం. రోజూ సాయంత్రం గేటు వేసేముందు ఆయన్ను మీరే వెళ్లి అడగండి, ఆయన వచ్చి చెబుతారని ఎదురుచూడొద్దు.