థ్రాట్లింగ్‌కి తెలుగులో ఏమందాం? గొంతు నొక్కడమా, తూమా?

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. డిగ్రీ పిల్లల కోసం భౌతికశాస్త్రం పాఠాలు తేలిక తెలుగులో రాస్తున్నాను. జౌల్–థామ్సన్ ప్రభావం దగ్గర నాలుగు రోజులుగా కలం కదలడం లేదు. చిక్కంతా ఒక్క మాటతోనే: థ్రాట్లింగ్.

విషయం ఇది. ఎక్కువ పీడనంలో ఉన్న వాయువుని ఇరుకు దారిగుండా తక్కువ పీడనం వైపు పంపాలి. బయటి వేడి లోపలికి రాకూడదు, లోపలిది బయటికి పోకూడదు. జౌల్, విలియం థామ్సన్ కలిసి 1852లో ఈ ప్రయోగాలు మొదలుపెట్టారు. ఇరుకు దారి కోసం గొట్టంలో దూది కుక్కారు. అవతలికి వచ్చేసరికి గాలి కాస్త చల్లబడింది, కార్బన్ డయాక్సైడు ఇంకా ఎక్కువ చల్లబడింది. హైడ్రోజన్ మాత్రం రవ్వంత వేడెక్కింది.

నేను మొదట రాసుకున్న వాక్యం: “వాయువు వ్యాకోచించడం వల్ల చల్లబడుతుంది.” మా అబ్బాయి చదివి, “హైడ్రోజన్ కూడా వ్యాకోచించిందిగా నాన్నా, అదెందుకు వేడెక్కింది?” అన్నాడు. ఆ ప్రశ్నకి నా వాక్యంలో జవాబు లేదు. కాబట్టి వ్యాకోచం ఒక్కటే సరిపోదు, ఈ తరహా వ్యాకోచానికి వేరే పేరు కావాలి. ఇంగ్లీషు మాట గొంతు అన్న మాటలోంచి పుట్టింది. మనకి గొంతు నొక్కడం అంటే నోరు ఎత్తనివ్వకపోవడం. “వాయువు గొంతు నొక్కినప్పుడు” అని రాస్తే పిల్లల మనసు ఇంకెక్కడికో పోతుంది. కంఠరోధం అంటే డాక్టరు గుర్తొస్తాడు. మీకు తోచింది చెప్పండి.

*ఒక సభ్యురాలు:*
అన్నయ్యా, మాట సంగతి తర్వాత. వేడి కాఫీ మీద పెదవులు ముడిచి “ఉఫ్” అని ఊదుతాం, గాలి చల్లగా తగులుతుంది. నోరు తెరిచి “హా” అంటే వెచ్చగా ఉంటుంది. ఇదే కదా మీరు చెప్పేది? “ఉఫ్ వ్యాకోచం” అనేయండి, ఎవరూ మర్చిపోరు.

*నా జవాబు:*
అమ్మా, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ అది వేరు. గాలికి పీడనం ఒక అట్మాస్ఫియర్ (మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) తగ్గితే ఈ ప్రభావం వల్ల చల్లబడేది సుమారు పావు డిగ్రీ. మన నోటి పీడనం అందులో చిన్న వంతు కూడా ఉండదు. ముడిచిన పెదవుల నుంచి వేగంగా వచ్చే ఊపిరి చుట్టూ ఉన్న గది గాలిని తనలో కలుపుకుపోతుంది, అందుకే చల్లగా తగులుతుంది. సైకిలు ట్యూబు గాలి తీసినప్పటి చల్లదనం కూడా ఎక్కువగా ఇది కాదు. ట్యూబులో మిగిలిన గాలి, బయటికి పోయే గాలిని నెడుతూ పని చేస్తుంది, దాంతో తన వేడి పోగొట్టుకుంటుంది.

*గ్యాస్ పైపులైన్లలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు:*
గోదావరి జిల్లాల్లో సహజవాయువు లైన్ల మీద చాలా ఏళ్లు ఉన్నాను. మేమంతా థ్రాట్లింగ్ అనే అన్నాం, ఇంకో మాట వినలేదు. పీడనం బాగా తగ్గించే వాల్వు తర్వాత పైపు మీద ఎండాకాలంలో కూడా చెమట పట్టినట్టు నీళ్లు కారతాయి, ఒక్కోచోట మంచు కడుతుంది. ఒక బార్ (దాదాపు ఒక అట్మాస్ఫియర్) తగ్గితే సహజవాయువు దాదాపు అర డిగ్రీ చల్లబడుతుంది. యాభై బార్లు తగ్గిస్తే ఎంతో లెక్కేసుకోండి. వాయువులో తేమ ఉంటే మంచులాంటి గడ్డలు కట్టి లైను మూసుకుపోతుంది. అందుకే చాలాచోట్ల వాల్వుకి ముందే వాయువుని వేడి చేస్తారు. పేరు ఏదైనా పెట్టండి, “చల్లబరిచే” అన్న అర్థం మాత్రం అందులో దూర్చకండి. వేడెక్కేవీ ఉన్నాయి.

*మరో సభ్యుడు:*
మాది చెరువు కింది సేద్యం. చెరువు కట్టకి తూము ఉంటుంది. అటు నీళ్లు ఎత్తున, ఇటు కాలవ దిగువన, మధ్యలో ఇరుకు సందు. చక్రం తిప్పేది లేదు, బరువు ఎత్తేది లేదు, నీళ్లు ఊరికే దిగిపోతాయి. మీరు చెప్పిన దూది గొట్టం నాకు తూములాగే కనిపించింది. “తూము వ్యాకోచం” అంటే కుదరదా?

*ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు:*
తూము నీళ్ల మాట కదండీ, వాయువుకి అతుకుతుందా? పైగా తూము అంటే ధాన్యం కొలత కూడా. రెండోది, ఏ ఉష్ణోగ్రత దగ్గర చల్లబడటం మారి వేడెక్కడం అవుతుందో దానికి “విలోమ ఉష్ణోగ్రత” అని మాత్రం రాయకండి. మా పిల్లలకి విలోమం అనగానే విలోమానుపాతమే గుర్తొస్తుంది. ఇది పెరిగితే అది తగ్గుతుందని రాసేస్తారు.

*నా జవాబు:*
మేడమ్, విలోమం గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. “మలుపు ఉష్ణోగ్రత” అని మార్చాను.

తూము మాత్రం నాకు వదలబుద్ధి కావడం లేదు. దాంతో అసలు సంగతి చెప్పడం సులువైంది. తూము దాటేటప్పుడు బయట ఏ పనీ జరగకపోయినా, వెనక వాయువు ముందు దాన్ని నెడుతుంది, దాటిన వాయువు తన ముందున్న దాన్ని నెడుతుంది. వాయువు లోపలి శక్తి, ఈ నెట్టుడు లెక్క రెండూ కలిపితే అటూ ఇటూ ఒక్కటే. ఆదర్శ వాయువులో, అంటే అణువులు ఒకదాన్నొకటి లాగవనుకునే ఊహా వాయువులో, ఈ రెండూ ఉష్ణోగ్రత మీదే ఆధారపడతాయి కాబట్టి దానికి మార్పే ఉండదు. నిజ వాయువులో అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తూము దాటి దూరం జరగాలంటే ఆ లాగుడుకి ఎదురు వెళ్లాలి. ఆ ఖర్చు తమ వేగంలోంచే పెట్టుకుంటాయి కాబట్టి చల్లబడతాయి. వేగం మరీ ఎక్కువైన అణువులకి ఆ లాగుడు లెక్కలోకి రాదు, ఢీకొని తోసుకోవడమే ఎక్కువ. అప్పుడు వెనక నుంచి అందిన నెట్టుడు, ముందుకి ఇచ్చిన దానికన్నా ఎక్కువ. ఆ మిగులు వేడిగా తేలుతుంది.

నైట్రోజన్‌కి మలుపు సుమారు 621 కెల్విన్ (సున్నాకి పైన 348 డిగ్రీల సెల్సియస్), అంటే మన గది వేడి దానికి చలికిందే లెక్క. హైడ్రోజన్‌కి సుమారు 202 కెల్విన్, సున్నాకి కింద 71 డిగ్రీలు. అందుకే గదిలో అది వేడెక్కుతుంది. మా అబ్బాయికి జవాబు ఇదే. 1895లో జర్మన్ ఇంజనీరు లిండే గాలిని ద్రవం చేసిన యంత్రానికి ముందుగా చల్లబరచాల్సిన అవసరం రాలేదు. చల్లబడిన గాలి చేతనే వచ్చే గాలిని చల్లబరిచి, తిప్పి తిప్పి తూము దాటించాడు. హైడ్రోజన్ అలా లొంగదు. 1898లో బ్రిటిష్ శాస్త్రవేత్త డ్యూవార్ దాన్ని ముందు ద్రవపు గాలితో చల్లబరిచాకే ద్రవం చేయగలిగాడు. 40 కెల్విన్ దగ్గర మలుపున్న హీలియానికి 1908 దాకా, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన ముందు ద్రవ హైడ్రోజన్‌తో దాన్ని చల్లబరిచాడు.

*ఆ అధ్యాపకురాలు:*
ఈ లెక్క బాగుంది. అయినా పరీక్షలో థ్రాట్లింగ్ అనే అడుగుతారు. మొదటిసారి వచ్చినచోట రెండు మాటలూ పక్కపక్కన పెట్టండి.

*నా జవాబు:*
సరే మేడమ్. ఇప్పటికి వాక్యం ఇలా మార్చాను: “వాయువుని తూము దాటిస్తే, అంటే థ్రాట్లింగ్ చేస్తే, మలుపు ఉష్ణోగ్రతకి కిందనుంటే సాధారణంగా చల్లబడుతుంది, పైనుంటే వేడెక్కుతుంది.” పీడనం మరీ ఎక్కువైతే మలుపు కూడా కిందికి జరుగుతుంది కాబట్టి “సాధారణంగా” అన్నది తీసేయలేదు. మా అబ్బాయి చదివి, “తూము అంటే ఏంటి నాన్నా?” అన్నాడు. ఈ ఆదివారం ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్తున్నాను.