రెండడుగుల మొదటి ట్యాంకుకి స్పాంజ్ ఫిల్టరా, హ్యాంగ్ ఆన్ ఫిల్టరా?

ఉప్పల్_కొత్తట్యాంక్:
నమస్కారమండీ. 24×12×12 అంగుళాల ట్యాంకు కొన్నాం. రెండు గోల్డ్ ఫిష్ వేద్దామని. మున్సిపల్ నీళ్లు. ఇన్వర్టర్ ఉంది గానీ ఫ్యాన్లకి, లైట్లకే. షాపులో హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ (ట్యాంకు అంచుకి తగిలించే మోటార్ డబ్బా) తీసుకోమంటున్నారు, తెలిసినవాళ్లు స్పాంజ్ ఫిల్టర్ (ఎయిర్ పంపు గాలితో నడిచేది) చాలంటున్నారు. ఏది కొనమంటారు?

నీటిబుడగ:
స్పాంజ్ తీసుకోండి. మీ ట్యాంకు కొలతకి 56 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నీళ్లు 45 లీటర్లు పడతాయి. దీనికి కావలసింది ఒక పెద్ద స్పాంజ్, 3 నుంచి 5 వాట్ల ఎయిర్ పంపు, మీటరున్నర గొట్టం, ఒక చెక్ వాల్వ్.

చెక్ వాల్వ్ మాత్రం మానొద్దు. పంపు నీటిమట్టానికి కిందుంటే, కరెంటు పోగానే ట్యాంకు నీళ్లు గొట్టం వెంట వెనక్కి దిగి పంపులోకి, అక్కణ్ణుంచి ప్లగ్ బోర్డు దాకా వస్తాయి. బిగించే ముందు నోటితో ఊదండి. గాలి ట్యాంకు వైపు పోవాలి, అటునుంచి ఇటు రాకూడదు. తిరగేసి పెడితే బుడగలే రావు, పంపు పాడైందనుకుని జనం కొత్తది కొంటారు.

పదిహేను రోజులకోసారి నీళ్లు మార్చేటప్పుడు, తీసిన ట్యాంకు నీళ్ల బకెట్లోనే స్పాంజ్‌ని నాలుగైదుసార్లు పిండండి. కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్ నీళ్లలోని విషాన్ని మార్చే మంచి బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది, దాన్ని చంపేస్తుంది.

ప్లాంటెడ్_వైజాగ్:
ఆవిడ గోల్డ్ ఫిష్ అని రాశారు, చూశారా? గోల్డ్ ఫిష్‌కి కడుపు సంచి ఉండదు, తిన్నది పేగులోంచి నేరుగా వెళ్లిపోతుంది, రోజంతా రెట్ట వేస్తూనే ఉంటుంది. ఆ రెట్ట అడుగున పడితే మూలనున్న స్పాంజ్ దాన్ని లాక్కోలేదు. నీళ్లు తిప్పే బలం కావాలి.

మామూలు చేపలకి గంటకి ట్యాంకు నీళ్లకి ఐదు రెట్లు తిరిగితే చాలు, గోల్డ్ ఫిష్‌కి ఎనిమిది నుంచి పది రెట్లు చూసుకోవాలి. అంటే గంటకి 360 నుంచి 450 లీటర్లు. డబ్బా మీద రాసే అంకె లోపల ఏమీ పెట్టకుండా కొలిచింది, మీడియా (స్పాంజ్, వుల్, రింగులు) నింపాక తగ్గుతుంది. కాబట్టి 500 రాసినదే తీసుకోండి. లోపల వరస: ముందు ముతక స్పాంజ్, తర్వాత తెల్ల వుల్, చివర సిరామిక్ రింగులు. ఇంకోటి, మీ ట్యాంకుకి మూత ఉంటే వెనకవైపు కోయాల్సి వస్తుంది, కొనేముందే చూసుకోండి.

గప్పీ_నెల్లూరు:
హ్యాంగ్ ఆన్ మాటే ఎత్తొద్దు. షాపువాళ్లు ఫిల్టర్ లోపల పెట్టే కాట్రిడ్జ్ నెలకోటి మార్చమన్నారు, మార్చిన ప్రతిసారీ చేపలు పోయాయి.

ప్లాంటెడ్_వైజాగ్:
అది ఫిల్టర్ తప్పు కాదండీ. బ్యాక్టీరియా ఇల్లు కట్టుకున్నది ఆ కాట్రిడ్జ్‌లోనే. అది పారేస్తే ట్యాంకు మళ్లీ మొదటి రోజుకొచ్చినట్టే. కాట్రిడ్జ్ తీసేసి ఆ చోట స్పాంజ్ ముక్క, రింగులు పెట్టుకోండి. వుల్ ఒక్కటే మార్చాలి. కాట్రిడ్జ్ లోపలుండే కార్బన్ ఎలాగూ కొన్ని వారాల్లో పనిచేయడం మానేస్తుంది, మందు వేశాక నీళ్లలోంచి దాన్ని తీయడానికి తప్ప రోజూ అక్కర్లేదు.

నీటిబుడగ:
కరెంటు పోతే? దాని సంగతి చెప్పండి ముందు. వేసవిలో నీళ్లు ఆవిరై మట్టం అంగుళం తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు హ్యాంగ్ ఆన్ డబ్బాలో నీళ్లు కిందకి జారితే, తిరిగొచ్చాక మోటార్ ఉత్తి గాలిలో గరగరా తిరుగుతుంది, నీళ్లు ఎక్కవు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఇంపెల్లర్ (నీళ్లని తోసే చిన్న రెక్కల చక్రం) అరిగిపోతుంది. స్పాంజ్‌కి ఆ బాధ లేదు, కరెంటొస్తే బుడగలు వాటంతటవే మొదలు.

రింగ్‌రోడ్_బెట్టా:
పడకగదిలో పెట్టేట్టయితే ఎయిర్ పంపు గుర్రుమంటుంది, ఆలోచించుకోండి.

ప్లాంటెడ్_వైజాగ్:
నీటిబుడగ గారూ, మట్టం సరిగ్గా ఉంచుకుంటే ఇప్పటి హ్యాంగ్ ఆన్‌లలో చాలావాటికి మోటార్ నీళ్లలోనే ఉంటుంది, తిరిగి మొదలవుతాయి. అయినా ఐదారు వాట్ల యంత్రానికి ఇన్వర్టర్ లైన్ నుంచి ఒక ప్లగ్ లాగడం ఎంతసేపు?

నీటిబుడగ:
పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ మోటార్లు రొద పెడతాయి, వేడెక్కుతాయి. అదే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు అయితే కరెంటు పోగానే దానంతటదే అందుకునేవి దొరుకుతాయి. 30 డిగ్రీల నీళ్లలో కరిగే ఆక్సిజన్ లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములే. 20 డిగ్రీల్లో తొమ్మిది దాటుతుంది. మన ఎండల్లో రెండు గంటలు నీళ్లు కదలకపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఫిల్టర్ పెట్టెలో నీళ్లు కుళ్లి, ఆ విషం మళ్లీ ట్యాంకులోకే వస్తుంది.

ప్లాంటెడ్_వైజాగ్:
అది మూతబిగించే క్యానిస్టర్ ఫిల్టర్ సంగతి! హ్యాంగ్ ఆన్ పైన తెరిచే ఉంటుంది. తెలియనివాళ్లని ఇలా భయపెట్టకండి.

నీటిబుడగ:
భయపెడుతున్నది నేనా? కొత్తవాళ్ల చేత మూడింతల ధర పెట్టించేది మీరు.

ప్లాంటెడ్_వైజాగ్:
మొదట్లోనే రాశాను, మీరు ఇంతవరకూ జవాబివ్వలేదు. రెండు గోల్డ్ ఫిష్ రెట్ట మీ స్పాంజ్ ఎలా లాగుతుంది?

నీటిబుడగ:
లాగదు! ఏ ఫిల్టరూ లాగదు! 45 లీటర్లలో రెండు గోల్డ్ ఫిష్ ఉండకూడదు, అదీ నా మాట. గుండ్రటి గోల్డ్ ఫిష్ కూడా 15 సెంటీమీటర్లు దాటుతుంది, అడుగు వెడల్పు ట్యాంకులో తిరగడానికే చోటుండదు. మీ 500 లీటర్ల యంత్రం నీళ్లని తేటగా చూపిస్తుంది. నైట్రేట్‌ని తీయదు. రెట్ట నుంచి చివరికి మిగిలే ఆ నైట్రేట్ నీళ్లు మారిస్తేనే పోతుంది. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని వీళ్లు మార్చరు. ఆరు నెలలకి చేప కుంగిపోతుంది.

ప్లాంటెడ్_వైజాగ్:
ఆ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఆవిడ అడిగింది ఫిల్టర్ గురించి, చేపలు ముందే అనుకున్నారు. వద్దంటే వినరు, వేసేస్తారు. వేసేవాళ్లకి కనీసం బలమైన ఫిల్టరైనా ఉండాలని నా పట్టుదల. వద్దని చెప్పి చిన్న ఫిల్టర్ ఇస్తే నష్టపోయేది చేపలే.

నీటిబుడగ:
వద్దని గట్టిగా చెప్పేవాళ్లు లేకే వేస్తున్నారు.

రింగ్‌రోడ్_బెట్టా:
ఇద్దరూ అసలు ప్రమాదం వదిలేశారు. ఏ ఫిల్టరైనా కొన్న రోజు ఖాళీదే. రెట్ట నుంచి పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అదే అమ్మోనియా, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 7 దగ్గర కంటే 8 దగ్గర దాదాపు పది రెట్లు విషం. 28 డిగ్రీల్లో, పీహెచ్ 8 అయితే మొత్తంలో ఆరేడు శాతం విషరూపంలో ఉంటుంది, 7 అయితే ఒక శాతం కూడా ఉండదు. కాబట్టి మీ నీళ్ల పీహెచ్ ముందు చూసుకోండి.

చేపలు వేయకుండా ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లి అమ్మోనియా వస్తుంది. లిక్విడ్ టెస్ట్ కిట్‌తో రెండు రోజులకోసారి చూడండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది, అది తగ్గుతుంటే నైట్రైట్ పెరుగుతుంది. మేత వేస్తూనే ఉన్నా రెండూ సున్నాకొచ్చి, నైట్రేట్ మాత్రం కనిపిస్తే అప్పుడు సగం నీళ్లు మార్చి చేపలు వేయండి. తెలిసినవాళ్ల దగ్గర జబ్బుల్లేని పాత ట్యాంకుంటే వాళ్ల స్పాంజ్ పిండిన మురికి నీళ్లు మీ ట్యాంకులో పోయండి, చాలా రోజులు కలిసొస్తాయి. ఎండనివ్వకుండా, గంటలోపే తెచ్చి పోయాలి. కుళాయి నీళ్లు ఎప్పుడు పోసినా యాంటీ క్లోరిన్ కలపండి.

గప్పీ_నెల్లూరు:
అయితే నా చేపలు పోయింది అందుకేనన్నమాట. షాపులో ఒక్కరూ చెప్పలేదు.

ఉప్పల్_కొత్తట్యాంక్:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలండీ. గోల్డ్ ఫిష్ అంత పెరుగుతుందని తెలియదు. పిల్లలకి నచ్చజెప్తాను. ఆరు మగ గప్పీలు వేస్తే స్పాంజ్ సరిపోతుందా?

ప్లాంటెడ్_వైజాగ్:
గప్పీలకైతే స్పాంజ్ బాగా సరిపోతుంది, నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడైనా ఆడవి కలిపినా పిల్లల్ని లాగేసే గొట్టం ఉండదు. కానీ గోల్డ్ ఫిష్ ఉన్న ట్యాంకుకి నా మాట మార్చను.

నీటిబుడగ:
సరిపోతుందమ్మా. గుర్రు శబ్దం రాకుండా పంపుని గోడకి, అల్మారాకి తగలకుండా మెత్తటి స్పాంజ్ ముక్క మీద పెట్టండి. మీకు వీలైతే నీటిమట్టానికి పైన పెట్టండి. పైన పెట్టినా చెక్ వాల్వ్ ఉండాల్సిందే.