తుఫాను మబ్బులో ఏటిగట్టు నడక: మేం ఆగాల్సిందా?

గట్టునడక:
రావులపాలెం నుంచి అంతర్వేది దాకా గోదావరి పాయ వశిష్ఠ గట్టు పట్టుకుని మూడు రోజుల్లో నడుద్దామని నలుగురం బయల్దేరాం. రెండో రోజు గన్నవరం అక్విడెక్టు, అదే ఏటి మీద కాలవ వంతెన, దాటి రాజోలు వైపు వస్తుంటే వాయుగుండం కబురు, కాకినాడ రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని. ఇద్దరు బస్సెక్కి ఇంటికెళ్లిపోయారు. మేమిద్దరం నడిచాం, చేరాం, తడిసి ముద్దయ్యాం తప్ప ఏమీ కాలేదు. వాళ్లిప్పుడు మాతో మాట్లాడటం లేదండి. అంత తప్పు చేశామా?

లంకలోడు:
తప్పేనండి. ఏమీ కాలేదన్నది లెక్కలోకి రాదు, ఆ రోజు గాలి మీ వైపు రాలేదంతే. 1996 నవంబరు 6 రాత్రి ముమ్మిడివరం దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నాను, చిన్నపిల్లోణ్ణి. పెంకులు ఎగిరిపోతుంటే మంచం కింద కూర్చున్నాం. తెల్లారి చూస్తే తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు.

కాలవగట్టు:
అన్నిటికీ 96 తెస్తే ఎలాగండీ? మూడో నంబరంటే రేవులో ఈదురుగాలులు కొట్టొచ్చు, పడవలు జాగ్రత్త అని. 8, 9, 10 వేస్తే పెనుప్రమాదం. 11 అయితే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. మూడుకే ఇంట్లో కూర్చుంటే కోనసీమలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఎవరూ గడప దాటక్కర్లేదు. వానలో ఊడ్పులు ఊడ్చేవాళ్లు మనుషులు కారా?

లంకలోడు:
ఊడ్చేవాళ్లకి ఇల్లు పక్కనే ఉంటుంది సార్. వీళ్లకి? మూడు పొద్దున్న ఉన్న అంకె, సాయంత్రానికి మారుతుంది. చించినాడ వంతెన దాటిపోయాక అవతలి ఒడ్డుకి సఖినేటిపల్లి పంటు, అంటే రేవు దాటించే పడవ, ఒక్కటే దిక్కు, గాలి లేస్తే దాన్ని ఆపేస్తారు. ఇక ఒండ్రుమట్టి గట్టు తడిస్తే చెప్పు పైకి రాదు, కాలు మాత్రం వస్తుంది. ఆ నడకలో చీకటి పడేలోపు ఏ ఊరు చేరతారు?

తోటాయన:
నడవొచ్చా లేదా నాకనవసరం, నేను కొబ్బరి రైతుని. గాలివానలో తలదాచుకుందామని మా తోటల్లోకి మాత్రం రాకండి. పిడుగు పడేదీ వాటి మీదే, కాయలు రాలేదీ అక్కడే. పెద్ద తుఫాన్లో గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే అయిపోయిందని బయటికి రాకండి, తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య, నెత్తిమీదికి వచ్చిందన్నమాట. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలెడుతుంది. మొదటి గాలికి సగం ఊగిపోయిన చెట్టు రెండో దానికి పడిపోతుంది.

కాలవగట్టు:
అది తుఫాను మాట. వీళ్లు నడిచింది వాయుగుండంలో. రెండూ ఒకటి చేసి భయపెడితే రేపు నిజంగా పదో నంబరు వేసినా ఎవరూ వినరు, నా గొడవ అదీ.

గట్టునడక:
ఒకటి దాచాను. దిండి దాటాక మా వెనకాల కొబ్బరి మట్ట ఒకటి పడింది, పది అడుగులు కూడా లేదు. వెనక్కి చూసి ఇద్దరం నవ్వాం, ఆ తర్వాత అంతర్వేది దాకా మాట్లాడుకోలేదు. ఇంటికెళ్లిన వాళ్లకి ఇంకా చెప్పలేదు.

లంకలోడు:
ముందు వాళ్లకి ఫోన్ చెయ్యండి.

తోటాయన:
ఎండు మట్టా, పచ్చి మట్టా? ఎండుదైతే గాలితో పనిలేదండి, మామూలు రోజున కూడా పడుతుంది.