అప్‌డేట్: మిర్చి యార్డు కొట్లో విండోస్ 7, తెరుచుకోని లెక్కల ఫైళ్లు

గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నగారి కమీషన్ కొట్టు కంప్యూటర్ గురించి మూడు వారాల క్రితం ఇక్కడ అడిగాను. లెక్కల ఫైళ్లన్నీ పేర్లు మారి తెరుచుకోలేదు, డబ్బు కట్టమని తెరపై నోటీసు వచ్చింది. వెంటనే నెట్ వైరు పీకేయమన్నవారికి ధన్యవాదాలు. రెండో కంప్యూటర్ దక్కింది అందువల్లే.

బ్రాడీపేట నుంచి వచ్చిన మెకానిక్ అసలు సంగతి తేల్చాడు. గుమస్తా ఇంటి నుంచి పద్దులు రాయడానికి రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే కంప్యూటర్ నడిపే సదుపాయం) దారి, అంటే 3389 పోర్టు, తెరిచి ఉంచాం. రాత్రిళ్లు వేల తప్పుడు లాగిన్‌లు నమోదై ఉన్నాయి, చివరికి ఒకటి ఫలించింది. పాస్‌వర్డు మా కొట్టు పేరే! (పెట్టింది నాన్నగారు, నేనేమీ అనలేదు.) అది గట్టిదై ఉన్నా పెద్దగా భరోసా ఉండేది కాదట: విండోస్ 7లో పాస్‌వర్డు లేకుండానే చొరబడనిచ్చే రిమోట్ డెస్క్‌టాప్ లోపానికి 2019 మేలో వచ్చిన సవరణ మా దాంట్లో ఎక్కనే లేదు. 2020 జనవరి 14 తర్వాత మామూలు వాడకందార్లకు సవరణలే ఆగిపోయాయి.

మొదట ర్యామ్ మీద, పెన్‌డ్రైవ్ మీద వచ్చిన అనుమానాలు రెండూ దారి తప్పించినవే.

డబ్బు కట్టలేదు. ఉగాదికి తీసిన బ్యాకప్ ఎక్కించి, మిగతాది కాగితం చిట్టాలు చూసి నాలుగు రాత్రులు కూర్చుని టైపు కొట్టాం. పాత యంత్రంలో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు) లేదు కాబట్టి విండోస్ 11 కుదరలేదు. విండోస్ 10కీ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. కొత్తది కొన్నాం. పాతది ఇప్పుడు నెట్ లేకుండా తూకం చీటీలు అచ్చేస్తోంది.