ఇల్లు మారుతున్నాం, ల్యాండ్‌లైన్ ఏది తీసుకోవాలి?

వచ్చే నెల దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్ వెళ్తున్నాం. నాన్నగారికి పాత బీఎస్ఎన్ఎల్ నంబరంటే ప్రాణం, చుట్టాలందరి డైరీల్లోనూ అదే ఉంది. జియో, ఎయిర్‌టెల్ ఫైబర్‌తో పాటు ఫోన్ కూడా వస్తుందంటున్నారు. ఇదే నంబరు వాటికి మార్చుకోవచ్చా?

జవాబు 1: కుదరదండీ. నంబరు ఉంచుకుని కంపెనీ మారడం సెల్‌కే, ల్యాండ్‌లైన్‌కి లేదు. బీఎస్ఎన్ఎల్‌లోనే షిఫ్టింగ్‌కి పెట్టండి, కాకపోతే ఎక్స్ఛేంజ్ మారుతుంది కాబట్టి అదే 040 నంబరు ఇస్తారో లేదో ముందే అడగండి.

జవాబు 2: ఫైబర్ ఫోన్ కరెంటు పోతే పనిచేయదు, పాత రాగితీగ లైన్‌లా కాదు. మోడెమ్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. ఇది తెలియక ఓ రాత్రంతా అమ్మ ఫోన్ ఎత్తట్లేదని టెన్షన్ పడ్డాం.

జవాబు 3: ముందు ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని కనుక్కోండి, ఏ కేబుల్ ఉందో. మా బిల్డింగ్‌లో ఒక్కటే, ఇక ఎంచుకునేదేముంది!