‘చనలేదో’నా, ‘చనలేడో’నా?

వీణతంత్రి (మైలాపూర్): పిల్లలకు త్యాగయ్య కీర్తన ‘నగుమోము’ స్వరసాహిత్యం టైపు చేస్తున్నాను, శనివారం క్లాసుకి ప్రింటు కావాలి. ‘ఖగరాజు నీ యానతి విని వేగ చన...’ దగ్గర చెయ్యి ఆగిపోయింది. తర్వాతది లేదోనా, లేడోనా? నోటికి ‘లేదో’ అని వస్తోంది. మా గురువుగారు ‘లేడో’ అనేవారని చెవి చెబుతోంది. నా దగ్గరున్న ఇంగ్లిషు అక్షరాల పుస్తకంలో చుక్కలూ గీతలూ ఏమీ లేవు, రెండూ ఒకలాగే కనబడతాయి.

రెండోకాలం: లేడో. తర్వాతి పాదం ‘దూరంబనినాడో’ అని ముగుస్తోంది కదండీ. డోకి డో. త్యాగయ్య అంత్యప్రాసని చేజేతులా వదులుకుంటారా?

నంగనల్లూరు పంతులు: ప్రాస ఒక్కటే చూస్తే ఎలా? చనలేడో అంటే వెళ్ళే శక్తి లేదా అని. గరుత్మంతుడికి శక్తి చాలకపోవడమేమిటి? నీ మాట విని కూడా బయల్దేరలేదో, దూరమని అన్నాడో అని రాముడితో త్యాగయ్య బాధ. ‘అనినాడో’ జరిగిపోయిన పని, కాబట్టి మొదటిదీ జరిగిపోయిందే. చనలేదో.

రెండోకాలం: ‘చనలేదు’ లాంటి భూతవ్యతిరేకం (పని జరగలేదని చెప్పే రూపం) గ్రాంథికంలో చెల్లదు. ‘చనడయ్యె’ అనాలి.

నంగనల్లూరు పంతులు: మీ గ్రాంథికానికి కొలబద్ద అయిన చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది 1858లో. త్యాగయ్య 1847లోనే సిద్ధి పొందారు. పదకొండేళ్ళ తర్వాతి కొలబద్ద పెట్టి ఆయన్ని కొలవకండి. ‘నన్నేలుకోరా’ అని పిలిచిన నోరు అది, తిరువయ్యారులో ఇంట్లో మాట్లాడుకున్న తెలుగు.

మాంబళం వాసి: ఈ విషయంలో తమిళ పుస్తకాలు మేలు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి పైన చిన్న అంకెలు వేస్తారు. ‘ఖగరాజు’లో ఖ మీద 2, గ మీద 3. అచ్చులో ఆ అంకెలు రాలిపోతే ఇక ‘కకరాజు’ అని చదువుకోవాల్సిందే. కానీ త, ట వేరువేరు అక్షరాలు, అంకె పోయినా దో, డో కలిసిపోవు. ఆశగా మా ఇంట్లో ఉన్న రెండు పుస్తకాలూ తీశాను. ఒకదాంట్లో తకారం, ఇంకోదాంట్లో టకారం!

అడయారు పాఠకుడు: మీరెవరూ పోతన జోలికి పోలేదే! ‘సిరికిం జెప్పడు’ ఒకసారి పైకి చదవండి. ‘పరివారంబును జీరడు, అభ్రగపతిం బన్నింపడు’. అక్కడ గజేంద్రుడి కోసం స్వామి పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, తనే పరుగెత్తుకొస్తాడు. మరి ఈ కీర్తన అనుపల్లవిలో ఉన్నది ఎవరు? ‘నీదు పరివారులెల్ల’. చరణంలో? ఖగరాజు. అదే వరస! నిత్యం భాగవతం చదివిన మనిషి, ఆ పద్యం చెవిలో మోగుతుండగానే ఇది పాడారని నా నమ్మకం. చెప్పడు, జీరడు, పన్నింపడు అని అన్నీ డకారాలే. కాబట్టి లేడో. ఆ పద్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

నంగనల్లూరు పంతులు: పోలిక అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ పోతనలోవి ‘చెయ్యడు’ అనే మాటలు, ‘చెయ్యలేడు’ అని ఒక్కటీ లేదు. మీ సాక్షి నా పక్షానికే వచ్చాడు.

తాళంబిళ్ళ: దోకీ డోకీ ఇంత యుద్ధం చేస్తున్నారు, అసలు గండం దాని తర్వాతి పాదంలో ఉంది. ‘గగనానికిలకు బహు దూరంబనినాడో’. కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు, పైన గీత గీస్తే వేగం రెట్టింపు. మన స్వరలిపిలో ఇన్ని ఏర్పాట్లున్నాయి, మాట ఎక్కడ విరుగుతుందో చెప్పే ఏర్పాటే లేదు. స్టాఫ్ నొటేషన్‌లో ఒకే మాటలోని అక్షరాల మధ్య హైఫన్ పెడతారు, మనమూ పెట్టుకోవచ్చు. మా క్లాసులో తొమ్మిదేళ్ళ పాప ‘గగనానికి’ అని ఆగి, ఊపిరి తీసుకుని, ‘లకుబహు అంటే ఏంటి టీచర్?’ అంది. ‘ఇలకు’లో ఇకారం సంధిలో కలిసిపోయిందని ఆ కాగితంలో దానికెవరు చెప్పారు?

రెండోకాలం: ఇంతకీ ఆ కాగితంలో ధైవతం (ధ స్వరం) ఏ రకం వేస్తున్నారు? ఈ కీర్తన రాగం ఆభేరి. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో (1904) దానికి శుద్ధ ధైవతం.

వీణతంత్రి (మైలాపూర్): చతుశ్రుతి ధైవతమే వేస్తున్నానండీ, పిల్లలు కచేరీల్లో వినేది అదే. ‘కి’కీ ‘ల’కీ మధ్య హైఫన్ పెట్టి చూశాను, ‘కిల’ ఒకే మాటలా కనబడుతోంది. తీసేస్తే పాప మళ్ళీ అక్కడే ఆగుతుంది. తాళంబిళ్ళ గారూ, మీరైతే ఆ గీత ఎక్కడ పెడతారు?